బ్రిటిష్ మ్యూజియంలో పిల్లి దేవతల టూరు: కథలు బాగున్నాయి, అమరావతి సింహాల్ని మాత్రం వదిలేశారు

లండన్‌లో పిల్లల దగ్గరికొచ్చి కొన్నాళ్ళు ఉండే నాలాంటి అమ్మమ్మలకీ నానమ్మలకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్ళడానికి టికెట్ లేదు. అయినా మా అల్లుడు మనిషికి 30 పౌండ్ల పైచిలుకు పెట్టి ఒక గైడెడ్ టూరు బుక్ చేశాడు. రెండు గంటల నడక. ప్రపంచంలో పిల్లులూ సింహాలూ ఎక్కడెక్కడ దేవుళ్ళయ్యాయో, ఎవరెవరికి వాహనాలయ్యాయో ఆ బొమ్మలే ఏరి చూపిస్తారట. మనవరాలికి పిల్లుల పిచ్చి, నాకు గుళ్ళ పిచ్చి. ఒక్క టికెట్టుతో ఇద్దరి నోరూ మూయించొచ్చని అతని లెక్క అయ్యుంటుంది.

కంపెనీ పేరు రాయను. అది మ్యూజియం వాళ్ళది కాదు, బయటివాళ్ళు నడిపేది. ఇలాంటి టూర్లు అక్కడ చాలానే ఉన్నాయి, ఎవరిది తీసుకున్నా చూసే బొమ్మలు ఇంచుమించు ఇవే ఉంటాయి కాబట్టి ఏది బుక్ చేసుకున్నా ఈ సమీక్ష పనికొస్తుంది.

మార్కులు ముందే ఇచ్చేస్తాను. కథలకి ఐదుకి నాలుగున్నర. నడిపించిన తీరుకి మూడు. గదుల ఎంపికకి రెండు, అది కూడా మొహమాటానికి.

వెళ్ళే దారి ఒక్క మాట. మేముండే హౌన్స్‌లో నుంచి పికడిల్లీ లైనులో హోబర్న్ దాకా రైలు మారకుండా వెళ్ళొచ్చు, అక్కణ్ణించి కొద్ది నడక. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో దిగండి, అక్కడ లిఫ్టులున్నాయి. గేటు దగ్గర బ్యాగులు తీసి చూస్తారు. పులిహోర డబ్బా చూసి ఏమీ అనలేదు.

గైడు అరవై దాటిన ఇంగ్లీషాయన. చేతిలో పొడుగాటి పుల్ల, దాని చివర గుడ్డతో కుట్టిన నారింజ రంగు పిల్లి. గుంపులో తప్పిపోతే దాన్ని చూసి రావాలి. మా బృందంలో ఒక అమెరికన్ జంట, ఇద్దరు స్పానిష్ విద్యార్థినులు, మేము ముగ్గురం. ఒక్కొక్కరికీ చెవిలో పెట్టుకునే చిన్న రేడియో ఇచ్చారు. నాకిచ్చినది మొదటినుంచీ గరగరమంటూనే ఉంది. మార్చమంటే ఇంకొకటి లేదన్నారు. చివరికి దాన్ని తీసి సంచిలో పడేసి ఆయన పక్కనే నడిచాను. అదే మేలైంది, మధ్యమధ్యలో ప్రశ్నలడగడానికి వీలు కుదిరింది.

మొదట ఆపింది గాజు పైకప్పున్న పెద్ద హాల్లో, క్నిడోస్ సింహం దగ్గర. నేటి తుర్కియేలో, సముద్రం ఒడ్డున ఒక సమాధి కట్టడం మీద కూర్చోబెట్టిన పాలరాతి సింహం. ఒకే రాయి, ఆరు టన్నుల పైన బరువు. 1858లో దొరికింది. కళ్ళ చోట ఇప్పుడు గుంటలే మిగిలాయి, ఒకప్పుడు అక్కడ గాజు ఉండి ఉంటుందట. ఓడల మీద వచ్చేవాళ్ళకి ఎండలో మెరిసేదేమో. బాగుందిగానీ ఇది పూజలందుకున్న సింహం కాదు, కాపలా సింహం. గైడు కూడా త్వరగానే కదిలాడు.

డబ్బులు గిట్టింది ఆ తరవాత, నాలుగో నంబరు గదిలో. ఈజిప్టు శిల్పాలన్నీ అక్కడే. సెఖ్‌మెత్ విగ్రహాల ముందు ఆయన పుల్ల కిందికి దించి చాలాసేపు మాట్లాడాడు. నల్లటి రాయి, ఆడమనిషి ఒళ్ళు, మెడ పైన ఆడసింహం తల, దాని మీద సూర్యబింబం. దగ్గరికెళ్ళి చూస్తే మూతి పక్కన మీసాల గీతలు కూడా చెక్కారు. మూడో అమెన్‌హోతెప్ అనే రాజు, క్రీస్తుకు పూర్వం 14వ శతాబ్దంలో ఇలాంటివి వందల్లో చేయించాడు. ఒక్క దేవతకి అన్ని విగ్రహాలు ఎందుకంటే, భయం. రోగాలు పంపేది ఆమే. తగ్గించేదీ ఆమే. ఆమె గుడి పూజారులు వైద్యం కూడా చేసేవాళ్ళట. అమెరికన్ ఆవిడ ఇది విని ఆశ్చర్యపోయింది. నాకేమీ వింతగా అనిపించలేదు. మశూచి వస్తే 'అమ్మవారు పోసింది' అని, ఆ అమ్మవారికే వేపాకులూ చలిదీ పెట్టుకున్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం.

తరవాత చెప్పిన కథ కోసమైనా ఈ టూరు తీసుకోవచ్చు. సూర్యదేవుడు రా ముసలివాడయ్యాడు, మనుషులు ఆయన మీద కుట్ర చేశారు. కోపమొచ్చి తన కంటినే ఈ సెఖ్‌మెత్ దేవతగా చేసి భూమ్మీదికి పంపాడు. ఆమె నరకడం మొదలుపెట్టింది. రక్తం రుచి తగిలాక ఆగమన్నా ఆగలేదు. ఇలా అయితే మనుషులే మిగలరని రాకే భయం పట్టుకుంది. అప్పుడు రాత్రికి రాత్రి 7,000 కుండల బీరు కాయించి, ఎర్రమట్టి కలిపించి, ఆమె వచ్చే పొలాల్లో పారబోయించాడు. తెల్లారి వచ్చి చూసి, రక్తమే అనుకుని కడుపునిండా తాగి, మత్తెక్కి, ఎవర్నీ చంపకుండా వెళ్ళిపోయింది. మనుషులు బతికిపోయారు.

నేను మంగళగిరి మనిషిని. ఈ కథ విని ఊరుకోవడం నా వల్ల కాలేదు. "మా ఊళ్ళో కూడా సింహం తల దేవుడున్నాడండీ, ఆయన్ని కూడా తాగించే చల్లబరుస్తాం" అన్నాను. నా ఇంగ్లీషు హైస్కూల్లో సోషల్ చెప్పిన ఇంగ్లీషు, అతుకుల బొంతే అయినా పని జరిగిపోతుంది. మిగిలింది అల్లుడు అందుకున్నాడు.

తెలియనివాళ్ళ కోసం ఇక్కడా చెప్తాను. మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి విగ్రహం ఉండదు, తెరిచిన నోరు మాత్రమే ఉంటుంది. బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం పూజారి శంఖంతో ఆ నోట్లో పోస్తారు. లోపలినుంచి గుటకలు వేస్తున్న చప్పుడు వస్తుంది. కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది, ఇక చాలన్నట్టు. అక్కడితో పోయడం ఆపి, మిగిలిన సగం మనకే ప్రసాదంగా ఇస్తారు. భక్తుడు ఎంత పెద్ద బిందె తెచ్చినా స్వామి తాగేది సగమే అంటారు. అంత బెల్లం నీళ్ళు పోసేచోట చీమ కనపడదని కూడా మా ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక కూడా ఆ ఉగ్రం తగ్గలేదు కదా, దాని కోసమే ఇదంతా. సింహాచలంలోనూ అంతే. ఏడాదంతా చందనం పూతలో ఉంచి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం చూపిస్తారు.

గైడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి 'పానకం' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు, స్పెల్లింగు మనవరాలు చెప్పింది. మిరియాలు ఎందుకని అడిగాడు. గొంతుకి మంచిదన్నాను. నిజమైన కారణం ఆగమం తెలిసినవాళ్ళని అడగాలి.

అదే గదిలో, గాజు పెట్టెలో ఉంది అందరూ ఫోటోలు తీసుకునే కంచు పిల్లి. గేయర్-ఆండర్సన్ పిల్లి అంటారు. కైరోలో కాపురమున్న ఒక బ్రిటిష్ మేజరు దగ్గర ఉండేది, తరవాత మ్యూజియానికి వచ్చింది. క్రీస్తుకు పూర్వం 600 ప్రాంతంలో పోతపోసింది. ఎత్తు అడుగున్నర కూడా లేదు. చెవులకి బంగారు పోగులు, ముక్కుకి బంగారు రింగు, మెడలో వెండి పతకం, నెత్తి మీద పేడపురుగు బొమ్మ. మనవరాలు "అమ్మమ్మా, దీనికి ముక్కుపుడక ఉంది, నీకు లేదు" అంది. అది తోకని ముందుకాళ్ళ పక్కగా చుట్టుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చున్న తీరు చూస్తే, దాన్ని చేసినవాడు రోజూ ఇంట్లో పిల్లిని చూస్తూ పెరిగాడని తెలిసిపోతుంది. ఎక్స్‌రే తీస్తే లోపల పగుళ్ళూ మరమ్మతులూ బయటపడ్డాయట. బయటికి ఒక్కటీ కనపడదు.

ఇది బస్తెత్ దేవత పిల్లి. మొదట్లో ఆ బస్తెత్‌కి కూడా సింహం తలే ఉండేదట. శతాబ్దాలు గడిచేకొద్దీ మెత్తబడి, ఇంటి పిల్లి అయ్యింది. ఉగ్రమంతా సెఖ్‌మెత్‌కీ, శాంతమంతా బస్తెత్‌కీ. మా మంగళగిరిలో కొండ మీద నోరు తెరిచిన స్వామి, కొండ కింద లక్ష్మిని పక్కన పెట్టుకున్న స్వామి ఉన్నట్టే కదా అని నాకు అనిపించింది. ఇది మాత్రం బయటికి అనలేదు. అప్పటికే అమెరికన్ ఆయన గడియారం చూసుకుంటున్నాడు.

బస్తెత్ ఊరు బుబాస్తిస్. నైలు నది పాయల ప్రాంతంలో ఉండేది. అక్కడి తిరునాళ్ళ గురించి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసి పెట్టాడు. ఆడామగా పడవల్లో వెళ్ళేవాళ్ళు, దారిలో ఊళ్ళు తగిలినప్పుడల్లా పడవలు ఒడ్డుకి చేర్చి ఆడవాళ్ళు పాడుతూ, గంతులేస్తూ, ఆ ఊరి ఆడవాళ్ళని ఏడిపించేవాళ్ళు. ఏడాది మొత్తంలో కంటే ఆ తిరునాళ్ళలోనే ఎక్కువ ద్రాక్షసారా ఖర్చయ్యేదట. ఇంట్లో పిల్లి చచ్చిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకునేవాళ్ళని కూడా ఆయనే రాశాడు. మన దగ్గర పిల్లికి ఈ మర్యాద ఎక్కడిది? ఎదురొస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరే జాతి మనది. బెంగాలులో షష్ఠీదేవికి పిల్లి వాహనం, మహాబలిపురం కొండశిల్పంలో ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేసే దొంగ పిల్లి, దాని కాళ్ళ దగ్గర అమాయకపు ఎలుకలు. అంతకుమించి పిల్లికి మన పురాణాల్లో పెద్ద ఉద్యోగం దొరకలేదు.

అక్కణ్ణించి అసిరియా వాళ్ళ సింహాల వేట. 10ఎ గది. నేటి ఇరాక్‌లో ఉన్న నీనెవే నగరంలో అషుర్‌బనిపాల్ రాజు అంతఃపురం గోడల మీద, క్రీస్తుకు పూర్వం 645–635 మధ్య చెక్కిన రాతి పలకలు. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇక్కడ కాస్త ఆలోచించుకోండి. బోనులో సింహాల్ని తెచ్చి, ఒక కుర్రాడు పైనుంచి తలుపు ఎత్తితే, రాజు రథం మీంచి బాణాలు వేసి చంపుతాడు. ఒక ఆడసింహం ఉంది. నడుంలోకి బాణాలు దిగి వెనక కాళ్ళు పడిపోయాయి, ముందుకాళ్ళ మీద ఒళ్ళు ఈడ్చుకుంటూ ఇంకా తలెత్తి అరుస్తోంది. చెక్కినవాడు రాజు జీతం తిన్నాడుగానీ మనసు మాత్రం సింహం దగ్గరే పెట్టాడు.

ఇందులో మతం ఏముందని నేనూ అనుకున్నాను. గైడు చెప్పాడు: సింహం ఇష్తార్ దేవత జంతువు, సింహాన్ని చంపి రాజ్యాన్ని కాపాడటం రాజుకి దేవతలిచ్చిన పని. చివర్లో ఒక పలకలో చచ్చిన సింహాల్ని వరసగా పడుకోబెట్టి, వాటి మీద రాజు ద్రాక్షసారా ధార పోస్తున్నాడు. ఇష్తార్ విల్లు వాటికి చూపించి నైవేద్యం పెట్టానని పైన రాయించుకున్నాడు కూడా. ఇక్కడా పోయడమే. నేను అల్లుడి వైపు చూశాను, "అవును అత్తయ్యగారూ, నేనూ అదే అనుకున్నాను" అన్నాడు.

ఇక్కడిదాకా గంటా ఇరవై నిమిషాలు. మిగతాదంతా పరుగే. ఒకాయన కథలు బాగా చెప్తాడంటే వేళ తెలియకుండా చెప్తాడని అర్థం, దాని భారం మాత్రం ఆఖరి గదుల మీద పడింది. పై అంతస్తుకి మెట్లెక్కించారు. లిఫ్టు ఉందిగానీ మేము అడిగేదాకా చెప్పలేదు. మోకాళ్ళ సంగతి ఎక్కేముందే అడిగి ఉంటే బాగుండేది.

పైన 56వ గదిలో 'రాత్రి రాణి' అనే మట్టి పలక. రెండు సింహాల వీపుల మీద రెక్కల దేవత, అటూ ఇటూ గుడ్లగూబలు. ఆమె పాదాలు పక్షి గోళ్ళు. దాదాపు 3,800 ఏళ్ళ కిందటిది. ఇష్తారా, పాతాళానికి రాణి అయిన ఆమె అక్కగారా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారట. అంతటి బొమ్మకి ఆయన కేటాయించింది రెండు నిమిషాలు. మెక్సికో జాగ్వార్‌నీ (చిరుతలాంటి జంతువు), పిల్లులు లాగే బండిలో తిరిగే నార్స్ దేవత ఫ్రేయానీ ట్యాబులో ఫోటోలు చూపించి కానిచ్చేశాడు. ఫోటోలు చూడటానికైతే హౌన్స్‌లో నుంచి రావడం ఎందుకు?

పిల్లి మమ్మీల దగ్గర మాత్రం నిజాయితీగా మాట్లాడాడు. నారగుడ్డల్ని రంగురంగుల గళ్ళుగా అల్లి చుట్టిన పిల్లులు, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ వాటిలో చాలావరకు మొక్కుబడి కోసమే పెంచి, చిన్నవయసులోనే మెడ విరిచి చంపినవని ఎక్స్‌రేల్లో తేలింది. భక్తులు కొనుక్కుని గుడికి సమర్పించేవాళ్ళు. కొన్నింటిలో పూర్తి పిల్లి కూడా ఉండదు, ఎముక ముక్కలే. ఇక 1890లో దాదాపు 19 టన్నుల పిల్లి మమ్మీల్ని ఓడలో లివర్‌పూల్‌కి తెచ్చి వేలం వేశారు. పొలాల్లో ఎరువుగా చల్లడానికి. అవి లక్షా ఎనభై వేల పిల్లులని అప్పట్లో లెక్కగట్టారు. ఇది విని మా మనవరాలి మొహం వాడిపోయింది. ఏడేళ్ళ పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోవడం మంచిది.

టూరు ముగిసింది ఎక్కడో మీరు ఊహించే ఉంటారు. బొమ్మలమ్మే షాపు ముందు. కంచు పిల్లి నకళ్ళు చిన్నా పెద్దా సైజుల్లో ఉన్నాయి. ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతం ఒకటి కొనిపెట్టి మనవరాలి మొహం మళ్ళీ వెలిగించాను.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. రెండు గంటల్లో ఇండియా గురించి ఆయన అన్నది ఒకే వాక్యం: దుర్గ పులి మీద తిరుగుతుంది. సరే, తిరుగుతుంది. కానీ అదే భవనంలో 33వ నంబరు గదిలో ఒడిశా నుంచి వచ్చిన 13వ శతాబ్దపు మహిషాసురమర్దిని ఉంది. దాని చివర, గాజు తలుపుల వెనక 33ఎ గదిలో మన అమరావతి స్తూపం రాళ్ళున్నాయి, నూటికి పైగానే. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసుకి పంపినవి. 1859లో ఓడెక్కి లండన్ చేరాయి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. సింహాల టూరుకి ఇంతకంటే ఏం కావాలి? గైడుకి వీడ్కోలు చెప్పి, రస్సెల్ స్క్వేర్ పార్కులో పులిహోర తిని, మళ్ళీ లోపలికి మేమే వెళ్ళాం.

స్తూపం ఒకప్పుడు ఎలా ఉండేదో స్తూపం రాయి మీదే చెక్కిన పలక ఒకటుంది. ముందు దాని దగ్గర నిలబడండి. ద్వారం దగ్గర, కంబాల మీద సింహాలు కూర్చుని ఉంటాయి. నోళ్ళు తెరిచి, జూలు ముంగురుల్లా చుట్టలు చుట్టుకుని. గుమ్మంలోకి వచ్చేవాళ్ళని అవి ఆపుతున్నట్టు ఉండవు, రమ్మంటున్నట్టే ఉంటాయి. బుద్ధుణ్ణి శాక్యసింహుడన్నారు, ఆయన బోధని సింహనాదమన్నారు. ఆ సింహం ఎవర్నీ చీల్చదు, ఎవరూ దాన్ని చల్లబరచక్కర్లేదు. పొద్దుటినుంచీ చూసిన సింహాలన్నిటిలో ఇలాంటిది ఇదొక్కటే. అదే పలకకి రెండో వైపు ఇంకా పాత చెక్కడం ఉంది: చెట్టు కింద ఖాళీ సింహాసనం, చుట్టూ దండాలు పెడుతున్న జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించని కాలం నాటిది.

అల్లుడికి అప్పుడు ఒక సంగతి చెప్పాను, అతను హైదరాబాదులో పెరిగినవాడు కాబట్టి తెలియదు. మా మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి గుడికి పదకొండు అంతస్తుల గాలిగోపురం కట్టించింది జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, 1807–09 మధ్యలో. అంతకుముందు 1790లలో అమరావతిలో ఊరు కట్టించుకుంటూ, రాళ్ళ కోసం దీపాలదిన్నె అనే మట్టిదిబ్బని తవ్వించిందీ ఆయన మనుషులే. ఆ తవ్వకంలోనే స్తూపం బయటపడింది, బ్రిటిష్ సర్వేయరు కల్నల్ మెకంజీ చెవిన పడింది, మిగతా కథ ఇదిగో ఈ గాజు గోడ వెనక ఉంది. ఒక నరసింహుడికి గోపురం లేపిన చేయి, అన్ని సింహాల్ని దిబ్బలోంచి బయటికి లాగింది. ఆయన్ని తిట్టాలో మొక్కాలో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ గదిలో మేమున్నంతసేపూ గట్టిగా పదిమంది కూడా రాలేదు. కంచు పిల్లి ముందు మాత్రం జనం ఒకరి భుజాల మీంచి ఒకరు ఫోన్లు చాపుతున్నారు.

కాబట్టి ఈ టూరు తీసుకోవచ్చా? ఈజిప్టు, అసిరియా కథలు మొదటిసారి వినేవాళ్ళయితే తీసుకోండి, డబ్బులు దండగ కావు. ఆ కథలు ముందే తెలిసినవాళ్ళకి అక్కర్లేదు. ఉచితంగా వెళ్ళి 4, 10ఎ, 56, 33, 33ఎ గదులు మీ తీరికలో చూసుకోండి. శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, సాయంత్రం రద్దీ తగ్గుతుంది. మమ్మీల గది పిల్లలకి వద్దు. టూరే కావాలనుకుంటే, బుక్ చేసేముందు కంపెనీకి మెయిలు పెట్టి మూడు సంగతులు అడగండి: లిఫ్టులో తీసుకెళ్తారా, రేడియోలు సరిగ్గా పనిచేస్తాయా, 33ఎ గది ఉందా. మూడోదానికి లేదంటే, ఎందుకు లేదో కూడా అడగండి. నలుగురైదుగురు తెలుగువాళ్ళు అడిగితే చేరుస్తారేమో చూద్దాం.